ఉద్యోగం మానేయండి, సంపాదన ఆపకండి: 54 ఏళ్లకి రిటైర్ అవుదామనుకుంటున్న ఫార్మా మేనేజర్‌కి జవాబు

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీకు 54, మార్చిలో 55 నిండుతాయి. పాశమైలారంలో ఒక ఫార్మా కంపెనీలో క్వాలిటీ మేనేజర్, 2001 జూలై మూడో వారంలో చేరారు, అప్పటినుంచీ అక్కడే. ప్రగతినగర్‌లో సొంత ఫ్లాట్, దాని మీద ఇంకా 12 లక్షల లోన్. పీఎఫ్ 85 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 45, ఎఫ్‌డీలు 30, షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాట్. బేసిక్ 90 వేలు. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, అమ్మాయి బీటెక్ ఆఖరి ఏడాది, పైచదువు, పెళ్లి ఉన్నాయి. మీ ఆవిడకి 49, ఆవిడ ఉద్యోగం చెయ్యట్లేదు. ఇంటిఖర్చు నెలకు 60 వేలు. మీకు బీపీ, షుగర్. ఇన్‌స్పెక్షన్ల టెన్షన్ ఇక పడలేను, డిసెంబర్ 31తో మానేసి ఇంట్లో ఉందామనుకుంటున్నాను, డబ్బు సరిపోతుందా అని అడిగారు.

నా జవాబు ఇదీ: ఆ ఉద్యోగం మానేయండి, కానీ 60 దాకా సంపాదన ఆపకండి, మానేసే తేదీని డిసెంబర్ నుంచి ఏప్రిల్‌కి జరపండి. ఎందుకో వివరంగా రాస్తాను, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

బాలానగర్, జీడిమెట్ల వైపు కంపెనీల్లో జీతాలు, పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు చూస్తూనే నా సర్వీసంతా గడిచింది. రిటైరయ్యేవాళ్ల ఫైలు చివరికి నా టేబుల్ మీదికే వచ్చేది. నేను రిటైరై ఏళ్లయినా ఇప్పటికీ ఫారాలు పట్టుకుని పాతవాళ్లు ఇంటికి వస్తుంటారు. అందుకే డబ్బు వచ్చినరోజు మనిషి ఎలా ఉంటాడో, పదేళ్ల తర్వాత ఎలా ఉంటాడో రెండూ చూశాను.

లెక్కతో మొదలుపెడదాం. నెలకు 60 వేలు అన్నారు, అది మీరు నెలనెలా ఖర్చు పెట్టేది మాత్రమే. ఏడాదికొకసారి వచ్చేవి అందులో లేవు: కారు ఇన్సూరెన్స్, ఆస్తిపన్ను, దసరా సంక్రాంతి బట్టలు, ఊరెళ్లడం, చుట్టాల పెళ్లిళ్లు గృహప్రవేశాల చదివింపులు, మూడేళ్లకోసారి ఫోనో ఫ్రిజ్జో, పంటి డాక్టరు, కళ్లద్దాలు. గడిచిన ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు తీసి మొత్తం డెబిట్లు కూడి 12తో భాగించండి, ఈఎంఐ తీసేసి చూసినా 75 వేలకి తక్కువ రాదని నా అంచనా. అంటే ఏడాదికి 9 లక్షలు.

ఇక చేతిలో ఉన్నది. పీఎఫ్, ఫండ్లు, ఎఫ్‌డీలు కలిపి 160 లక్షలు. గ్రాట్యుటీ 13 లక్షల దాకా వస్తుంది (ఎలాగో కింద చెప్తాను). మొత్తం 173. లోన్ 12 తీసేయండి, అమ్మాయి చదువు పెళ్లి కలిపి 36 పక్కన పెట్టండి. మిగిలింది 125 లక్షలు. ధరలు ఏడాదికి 6 శాతం పెరుగుతూ, మీ డబ్బు పన్ను పోను 8 శాతం సంపాదిస్తుందనుకుంటే ఈ 125 లక్షలు సుమారు 16 ఏళ్లు వస్తాయి. మీకు 70 వచ్చేసరికి ఖాళీ. ప్లాట్‌కి 60 లక్షలు వస్తుందంటున్నారు, అది ఏజెంటు చెప్పే ధర, కొనేవాడు దొరికి రిజిస్ట్రేషన్ అయ్యేసరికి ఏమవుతుందో వేరే సంగతి, కాబట్టి నేను 45 వేస్తాను. అదీ కలిపితే 77, 78 దాకా లాగొచ్చు. అప్పటికి మీ ఆవిడకి 73 కూడా నిండవు. ఈ లెక్కలో అసలు చూడాల్సిన వయసు ఆవిడది. మీరు మీ వయసు మాత్రమే రాసి సరిపోతుందా అని అడిగారు, దాదాపు అందరూ అలాగే అడుగుతారు.

6 శాతం పెరుగుదల అంటే చిన్నదిగా కనిపిస్తుంది కానీ 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపు అవుతుంది. ఇవాళ 75 వేలు మీకు 66 వచ్చేసరికి లక్షన్నర, 78కి 3 లక్షలు. ఎస్సార్ నగర్‌లో 2000 ప్రాంతంలో ఇంటద్దె ఎంతుండేదో గుర్తు తెచ్చుకోండి, నమ్మకం కుదురుతుంది.

ఇప్పుడు ఇంకో దారి చూడండి. జీతమంత అక్కర్లేదు, ఇల్లు గడవడానికి సరిపడా మాత్రం, అంటే నెలకు 75 వేల నుంచి మొదలై ధరలతో పాటు కొంచెం పెరిగేలా, 60 దాకా సంపాదించి ఆ 125 లక్షలు ముట్టుకోలేదనుకోండి. ఆరేళ్లలో అది 198 లక్షలవుతుంది. ప్లాట్ పాత ధరకే అమ్మినా 243. అప్పటికి ఖర్చు ఏడాదికి 12.8 లక్షలకి చేరుతుంది, ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షన్ కొద్దిగా ఆదుకుంటుంది. ఈ డబ్బు మీకు 85 వచ్చేదాకా సాగుతుంది, ఆవిడకి 80. ఆ పైన ప్రగతినగర్ ఫ్లాట్ ఉండనే ఉంది. అంటే పెద్దగా పొదుపు చేయకుండా, కేవలం ఆ ఆరేళ్లు మూలధనం జోలికి పోకపోవడం వల్ల ఏడెనిమిదేళ్ల బతుకు వచ్చింది.

పెన్షన్ కోసం 58 దాకా ఆగాలా అని కూడా అడిగారు. అవసరం లేదు. ఈపీఎస్‌లో 7,500 వస్తుందని మీ కొలీగ్ అన్నాడని రాశారు, మీకు అంత రాదు. హయ్యర్ పెన్షన్‌కి, అంటే అసలు జీతం మీద లెక్కకట్టే పెన్షన్‌కి, మీరు ఆప్షన్ ఇవ్వలేదు కాబట్టి, 2014 సెప్టెంబర్‌కి ముందు సర్వీసుకి 6,500 జీత పరిమితి మీద, ఆ తర్వాత సర్వీసుకి 15,000 పరిమితి మీద విడివిడిగా, సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. మీకు 4 వేల చుట్టుపక్కల వస్తుంది. ఇంకో ఏడాది ఉంటే దానికి కలిసేది నెలకు 214 రూపాయలు. 214 రూపాయల కోసం షుగర్ పెంచుకుంటూ రోజూ పాశమైలారం వెళ్లనక్కర్లేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, 50 దాటితే పెన్షన్ ముందే మొదలుపెట్టుకోవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు ముందైతే అన్నేళ్లకి ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది, అది జీవితాంతం. 58 దాకా దాన్ని అలా వదిలేయండి.

గ్రాట్యుటీ దగ్గరే మీ తేదీ మారాలి. చివరి బేసిక్‌ని 15తో గుణించి 26తో భాగిస్తే వచ్చేది ఒక ఏడాది సర్వీసుకి. మీకు అది 52 వేలు. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదిగా తీసుకుంటారు, దాటకపోతే ఆ ముక్క పోయినట్టే. మీరు చేరింది జూలై మూడో వారం, డిసెంబర్ 31న బయటికొస్తే ఆరు నెలలు నిండవు, 24 ఏళ్లకే ఇస్తారు. జనవరి చివర్లో వస్తే 25 ఏళ్లు. మూడు నాలుగు వారాలకి 52 వేలు. ఇలాంటివి అడక్కుండా ఎవరూ చెప్పరు. మిగిలిన సెలవుల డబ్బు (లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్), వేరియబుల్ పే (పనితీరుని బట్టి ఇచ్చే జీతం) ఏ నెలలో వేస్తారు, ఆ రోజుకి రోల్స్‌లో ఉండాలా అన్నది హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. గ్రాట్యుటీకి 20 లక్షల దాకా, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్‌కి 25 లక్షల దాకా పన్ను లేదు, కాబట్టి ఆ రెండిటి గురించి టెన్షన్ వద్దు. గ్రాట్యుటీ రాగానే లోన్ తీర్చేయండి. కాగితాలు బ్యాంకు నుంచి వెనక్కి తెచ్చుకుని ఈసీ (ఆస్తి మీద అప్పు ఉందో లేదో చూపే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) తీసి చూసుకునేదాకా తీరినట్టు కాదు.

పీఎఫ్ వెంటనే తియ్యొద్దు. 2024-25కి 8.25 శాతం ఇచ్చారు, ఇంత భద్రంగా ఇంత వడ్డీ ఇచ్చేది మీకు ఇంకోటి దొరకదు. కాకపోతే ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి, 55 దాటి రిటైరైతే మూడేళ్ల తర్వాత ఆ ఖాతాకి వడ్డీ ఆగిపోతుంది. అంటే 58 దగ్గర తీసుకోవాలి. అప్పుడు అందులో 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టొచ్చు. 60 నిండనివాళ్లు కూడా 55 దాటి రిటైరై ఉంటే, రిటైర్మెంట్ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోగా అందులో చేరొచ్చు, ఆ మూడు నెలలు దాటనివ్వొద్దు. మార్చిలో 55 నిండాక, ఏప్రిల్‌లో మానేయమన్నది ఇందుకే. ఇప్పుడున్న 8.2 శాతం మీద 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. ఫండ్ల విషయంలో ఒక్కటే మాట. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అదే అక్టోబర్‌లో 9 వేల కిందికి వెళ్లింది. అలాంటి ఏడాది వచ్చినప్పుడు తిండి కోసం యూనిట్లు అమ్ముకునే పరిస్థితి ఉండకూడదు. అందుకని సంపాదన పూర్తిగా ఆపే రోజుకి మూడేళ్ల ఖర్చు ఎఫ్‌డీల్లో ఉండాలి. అమ్మాయి డబ్బు 36 లక్షలూ మొత్తం ఎఫ్‌డీల్లోనే, రెండు మూడేళ్లలో కావలసిన డబ్బుకి మార్కెట్‌తో పని లేదు.

ఇక సంపాదన ఎక్కడినుంచి అంటారు. మీ విషయంలో ఇది నాకు కష్టంగా కనిపించట్లేదు, క్వాలిటీలో పాతికేళ్లు అంటే మాటలు కాదు. మందుల తయారీలో నాణ్యత కోసం సవరించిన షెడ్యూల్ ఎం నిబంధనలు 2023 డిసెంబర్ ఆఖర్లో నోటిఫై అయ్యాయి, చిన్న మధ్య తరహా మందుల కంపెనీలకి 2025 చివరిదాకా గడువిచ్చారు. జీడిమెట్ల, బొల్లారం, గడ్డపోతారంలో ఉన్న చిన్న యూనిట్లన్నీ డాక్యుమెంట్లు రాసుకోవాలి, పనివాళ్లకి ట్రైనింగ్ ఇప్పించుకోవాలి, తనిఖీకి ముందు ఎవరో ఒకరు వచ్చి తప్పులు పట్టి చూపించాలి. ఫుల్‌టైమ్ మేనేజర్‌ని పెట్టుకునే స్తోమత వాళ్లకి ఉండదు, నెలకు మూడు నాలుగు రోజులు వచ్చే మనిషి కావాలి. అలాంటి కంపెనీలు రెండు మూడు పట్టుకుంటే నెలకు పది రోజుల పని. తనిఖీ బాధ్యత మీ తల మీద ఉండదు, చూసి చెప్పి ఇంటికొస్తారు. మిమ్మల్ని తినేస్తున్నది పని అని నాకు అనిపించట్లేదు. రాత్రి పదకొండుకి ఫోను, ఆదివారం ప్లాంటు, సంతకం పెట్టిన ప్రతి కాగితానికీ పూచీ, మీరు రాసినదాంట్లో నాకు కనిపించింది ఇవే.

మీ కంపెనీనే ముందు అడగండి, అడ్వైజర్‌గా వారానికి రెండు రోజులు ఉంచుకుంటారా అని. పోతే పోయింది, అడిగినందుకు ఏమీ అనరు. వేరే కంపెనీకి చేసేముందు మాత్రం మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో గోప్యత, పోటీ కంపెనీల గురించి ఏం రాసుందో చదవండి. ఫీజుగా తీసుకుంటే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు, రిటర్న్‌లో చిన్న ప్రొఫెషనల్స్‌కి ఉన్న అంచనా పద్ధతి కింద ఫీజులో సగం మాత్రమే లాభంగా చూపిస్తే చాలు, ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షల లోపైతే పన్ను పడదు, కానీ పీఎఫ్ వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ కలిస్తే మీరు ఆ గీత దాటే అవకాశం ఉంది, మొదటి ఏడాది మంచి ఆడిటర్‌కి చూపించండి.

ఇప్పుడు అన్నిటికంటే అర్జెంటు విషయం. ఈ నెలలోనే మీ ఇద్దరికీ సొంత హెల్త్ పాలసీ తీసుకోండి. కంపెనీ పాలసీ మీ చివరి పనిదినంతో అయిపోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు, 2024 దాకా అది నాలుగేళ్లు ఉండేది. ఈరోజు తీసుకుంటే 58 నాటికి మీ బీపీ, షుగర్ రెండూ కవర్ అవుతాయి. బీపీ, షుగర్ ఉన్నాయని ఫారంలో స్పష్టంగా రాయండి, దాచితే క్లెయిమ్ అప్పుడు మీదే బాధ. కంపెనీ గ్రూప్ పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ సంస్థనే, వ్యక్తిగత పాలసీకి మారుస్తారా, గ్రూప్‌లో గడిచిన ఏళ్లు వెయిటింగ్‌లో కలుపుతారా అని అడగండి. అది కుదిరితే అంతకంటే మంచిది లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. 70 దాటాక ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల కవర్ ఉంది, కానీ 55కీ 70కీ మధ్య పదిహేనేళ్లు మన ఏర్పాటు మనమే చేసుకోవాలి. ఒక్క స్టెంటు పడితే పైన రాసిన లెక్కంతా మారిపోతుంది.

డబ్బు వచ్చాక జరిగేది కూడా చెప్పాలి, ఎందుకంటే లెక్కలు తప్పినవాళ్ల కంటే ఇక్కడ దెబ్బతిన్నవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వచ్చారు. మీ పీఎఫ్ క్రెడిట్ అయిన వారంలో అందరికీ తెలిసిపోతుంది, ఎలా తెలుస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. బావమరిది స్నేహితుడు శంకర్‌పల్లిలో ప్రీ-లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే ఫ్లాట్లు) అంటాడు, చదరపు అడుగు మూడు వేలకే, రెండేళ్లలో డబుల్, చెక్కు ఈరోజే ఇవ్వాలి అంటాడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ అడగండి. నంబర్ లేకుండా ప్రాజెక్టు అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో నంబర్ కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. మా పాత ఆఫీసులో ఒకాయన రిటైర్మెంట్ డబ్బులో సగం ఇలాగే ఒక ప్రీ-లాంచ్‌లో పెట్టాడు, పునాది కూడా పడలేదు, ఆయన భార్య మందులకి పిల్లల్ని అడుగుతుంటే చూడటం నాకు చాలా బాధగా ఉండేది. నెలకు నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ అనేవాళ్లూ అంతే, అసలే తిరిగి రాదు. మొదటి ఆరు నెలలు ఎవరు ఏది చెప్పినా, డబ్బంతా ఎఫ్‌డీలో లాక్ అయిపోయింది, వచ్చే ఏడాది చూద్దాం అని చెప్పండి.

పిల్లల విషయం వేరు, అది మొహమాటం కాదు, ప్రేమ. అబ్బాయి తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొంటాను, డౌన్ పేమెంట్‌కి 30 లక్షలు సర్దమంటే ఏం చేస్తారో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. వాడికి ఇంకా పాతికేళ్లకి పైగా సర్వీసుంది, బ్యాంకు లోన్ ఇస్తుంది. మీకు 70 ఏళ్లకి ఏ బ్యాంకూ ఇంటిఖర్చుకి లోన్ ఇవ్వదు. ఈ మాట వాడికి నేరుగా చెప్పండి, చదువుకున్నవాడే, అర్థం చేసుకుంటాడు. ఫ్లాట్ పిల్లల పేరు మీద గిఫ్ట్ డీడ్ చేసే తొందర అస్సలు వద్దు. చేయాల్సి వస్తే మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు డీడ్‌లోనే రాయించండి, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆ షరతు తప్పితే రద్దు కోరే హక్కు మీకుంటుంది. అంతకంటే వీలునామా రాసి రిజిస్టర్ చేయించడం మేలు, దానికి స్టాంప్ డ్యూటీ కూడా లేదు. నామినీ పేరుంటే చాలని అనుకోవద్దు, నామినీ డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, ఎవరికి చెందాలన్నది వీలునామా చెప్పాలి.

రాజీనామా పెట్టేముందు ఒక పని చేసి చూడండి. జీతం పడిన రోజే 75 వేలు మీ ఆవిడ ఖాతాకి పంపించి, ఇల్లు, మందులు, పండగలు, పెట్రోలు అన్నీ అందులోంచే నడపండి. మిగిలింది ముట్టుకోకుండా లోన్‌కి కట్టేయండి. నాలుగైదు నెలలు సాఫీగా గడిస్తే నా లెక్క సరైనదే. గడవకపోతే ఏ అంకె తప్పో జీతం వస్తుండగానే తెలిసిపోతుంది. ఈ నెలల్లోనే ఒక చిన్న కంపెనీతో మాట్లాడి మొదటి పని ఖాయం చేసుకోండి, కనీసం నోటిమాటగానైనా. చేతిలో ఏ పనీ లేకుండా బయటికొచ్చినవాళ్లు మొదటి రెండు నెలలు నిద్రపోతారు, మూడో నెల నుంచి ఇంట్లో చిరాకు మొదలవుతుంది, ఆవిడ వంటింటి పద్ధతులు సరిదిద్దడం మొదలుపెడతారు. మీ ఆవిడని అడగండి, మీరు రోజంతా ఇంట్లో ఉంటే ఆవిడ దినచర్య ఏమవుతుందని. ఆవిడ జవాబు కూడా ఈ నిర్ణయంలో సగం.

58 అనీ 60 అనీ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకే 2021 దాకా 58 ఉండి 61 అయింది, ఆంధ్రాలో 62 చేశారు. ఆ వయసు వాళ్ల వాళ్ల ఖజానా లెక్కని బట్టి మారుతుంది, మీది మీ ఇంటి లెక్కని బట్టి. పైన ట్రయల్ నెలల్లో మీ షుగర్ అదుపు తప్పితే మాత్రం నా ఏప్రిల్ లెక్క పక్కనపెట్టి జనవరి చివర్లోనే వచ్చేయండి, గ్రాట్యుటీ ఎలాగూ 25 ఏళ్లకే వస్తుంది.

నోటీసు మూడు నెలలైతే జనవరిలో లెటర్ ఇస్తే ఏప్రిల్‌లో రిలీవ్ అవుతారు. మీ ఆర్డర్‌లో నోటీసు ఎన్ని రోజులుందో, సెలవులు ఎన్ని మిగిలాయో, వేరియబుల్ పే ఏ నెలలో వస్తుందో ఇక్కడ రాయండి, సరైన తేదీ లెక్కేసి చెప్తాను. పీఎఫ్ రికార్డులో పుట్టిన తేదీ ఆధార్‌తో, చేరిన తేదీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌తో సరిపోతున్నాయో లేదో మాత్రం ఈరోజే చూసుకోండి, తేడా ఉంటే సరిచేయించడానికి కంపెనీ సంతకం కావాలి, అది ఉద్యోగంలో ఉండగానే సులువు.